కుడివైపు కుర్చీ

ఖాజా ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిలో మా అమ్మాయిని ట్యూషన్ దగ్గర దింపి స్కూటర్ వెనక్కి తిప్పుతున్నాను. "ఒరేయ్, అన్న పోయాడంటరా. పొదిల్లో. పొద్దున్నే" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. కాలేజీ రోజుల్లో రాక్ బ్యాండ్ పెట్టుకొని తిరిగిన మా నలుగురికీ అన్న అంటే ఒక్కడే. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. కరెంటు బిల్లు మీద చూశాను కూడా. ఆ పేరుతో మేమెప్పుడూ పిలవలేదు. ఇక్కడ రాయబుద్ధీ కావడం లేదు.

"నేను కారు తీస్తన్నా. వస్తావా?" అన్నాడు ఖాజా.

వస్తానన్నాను. అని, స్కూటర్ పక్కకు ఆపి అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రావలసిన చోట నాకు ముందు భయం వేసింది. పొదిల్లో ఆ ఇంట్లో వదిన ఉంటుంది. ఆమె ముఖం చూడాలి.

ఆయన స్టూడియో బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్ పైన ఉండేది. రెండు గదులు. కింద డాక్టరు గారి మిషన్ గుయ్‌మంటుంటే పైన రికార్డింగ్ కుదరదు. పైన మా డ్రమ్స్ మోగితే కింద డాక్టరు గారి చెయ్యి కుదరదు. అందుకని ఆయన మధ్యాహ్నం ఇంటికెళ్ళి, భోంచేసి, కునుకు తీసి, మళ్ళీ సాయంత్రం క్లినిక్ తెరిచేదాకా ఆ భవనం మాకిచ్చేశారు. మా పాటలన్నీ గుంటూరు ఎండ నడినెత్తిన ఉన్న వేళ పుట్టినవే. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేయాలి, తలుపులు మూసేయాలి. చొక్కాలు విప్పేసి వాయించేవాళ్ళం. అన్న కూడా బనీనుతోనే కూర్చునేవాడు. "రాక్ బ్యాండోళ్ళు చొక్కాలేసుకోరంట, టీవీలో చూశాలే" అనేవాడు.

మిగతా వేళల్లో అక్కడ క్రైస్తవ గీతాలు, అయ్యప్ప పాటలు, ఎన్నికల పాటలు, పత్తి పురుగు మందుల ప్రకటనలు తయారయ్యేవి. పురుగు మందు ప్రకటనలో రైతు గొంతు ఆయనదే. పురుగు గొంతు కూడా ఆయనదే. ఊళ్ళో మాలాంటి వాళ్ళని ఏ స్టూడియో లోపలికి రానివ్వని రోజుల్లో, మా ఫోన్‌లో ఉన్న పాట విని, తల గోక్కొని ఇలా అన్నాడు:

"అరుస్తన్నారు. అరవండి, తప్పేం లేదు. దేనికి అరుస్తన్నారో అది మటుకు నాకు తెలియాల."

ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివితక్కువ పని గోడలకు బస్తాలు కట్టడం. శబ్దం గోడలకు కొట్టుకోకుండా మెత్తగా ఏదైనా కట్టాలి. దానికి దొరికే సామాను ఖరీదు. అన్నకు తెలిసిన జిన్నింగ్ మిల్లాయన చెత్త పత్తి ఊరికే ఇస్తానన్నాడు. మిర్చి యార్డులో కాయలు ఖాళీ చేసిన పాత గోతాలు కారుచౌకగా దొరికాయి. ఆ గోతాల్లో ఈ పత్తి కూరి, కుట్టించి, గోడల నిండా మేకులు కొట్టి వేలాడదీశాడు. "చూడండ్రా, చెన్నైలో కూడా లేదు ఇట్లాంటి గది" అన్నాడు. ఖాజా డ్రమ్స్ ముందు కూర్చొని నాలుగు దెబ్బలు వేశాడు. ఆ అదురుకు గోతాల్లో మిగిలిన కారమంతా గాల్లోకి లేచింది. మూసిన తలుపులు, ఆపిన ఫ్యాను. నలుగురం తుమ్ముకుంటూ, కళ్ళు మండి, గోడలు తడుముకుంటూ మెట్ల మీద పడ్డాం. వెనక నుంచి అన్న అరుస్తున్నాడు, "మీరు పోండ్రా, మిషన్ ఆపమాకండి, మిషన్ తిరుగుతానే ఉండాల!"

ఆ తుమ్ములు రికార్డయ్యాయి. మా మొదటి పాట ఖాజా తుమ్ముతోనే మొదలవుతుంది. వద్దన్నా వినలేదు. "రేపు ఇంత పెద్ద పేరొచ్చినాక గుంటూరోళ్ళమని మీరు చెప్పుకోరు. అదన్నా చెబుద్ది" అన్నాడు. వదిన వెనక వీధిలోని ఇంటి నుంచి మజ్జిగ చెంబుతో వచ్చి, మా ఎర్రటి కళ్ళు చూసి, "పిల్లల్ని ఏం చేశావయ్యా?" అని ఆయన మీద కేకలేసింది. "ఆర్టిస్టుల్ని చేశా" అన్నాడు.

పాట రాయడం నాకు నేర్పింది ఆయనే. నేను మొదట్లో గుండె గాయాల గురించి రాసేవాణ్ణి. ఒకసారి కాగితం చదివి అడిగాడు.

"ఏరా అబ్బాయ్, ఎవరినన్నా ప్రేమించావా?"

"లేదన్నా."

"మరి ఇదంతా ఎవరిది? ఎవడిదో చొక్కా వేసుకొచ్చినట్టుంది. నీకు బాగా తెలిసిందేంది?"

అంతటితో వదిలేస్తాడని, "మా నాన్న యార్డులో బస్తాల మీద పడుకోవడం తెలుసన్నా" అన్నాను. ధర రాక, అమ్మబుద్ధి కాక, మా నాన్న మిరపకాయల బస్తాల మీద తువ్వాలు పరుచుకొని పడుకునేవాడు. క్యారేజీ తీసుకెళ్ళేది నేనే. అన్న ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. "పో. అది రాసుకొని రా" అన్నాడు. తుమ్ముతో మొదలయ్యే మా మొదటి పాట అదే. ఆ పాటే మమ్మల్ని బ్యాండ్ చేసింది. ఆ పాటే ఆయన్ని ముంచింది. పాటది తప్పు కాదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పక్కన ఎవరు నడుస్తున్నా భుజం పట్టుకొని తన ఎడమవైపుకు లాక్కునేవాడు. టిఫిన్ హోటల్లో బల్ల చివర, అందరూ తనకు ఎడమవైపు వచ్చేలా కూర్చునేవాడు. పాట వింటుంటే మెడ కుడివైపుకు తిప్పి, ఎడమ చెవి స్పీకర్లకు అప్పగించేవాడు. మేం దాన్ని స్టైల్ అనుకున్నాం. మా గిటారిస్టు కిరణ్ అచ్చం అలాగే మెడ తిప్పి నవ్వించేవాడు. అన్న కూడా నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం నేనూ ఆయనే ఉన్నాం. కుడివైపు స్పీకరు వైరు ఊడిపోయింది. నేను చూశాను. ఆయన తన మానాన తాను మీటలు కదుపుతూనే ఉన్నాడు. కాసేపు ఊరుకొని, "అన్నా, కుడి బాక్సు మోగట్లేదు" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాడు.

"చిన్నప్పుడు ఎలక్షన్ జీపుల మీద మైకు పట్టుకొని తిరిగేవాణ్ణిరా. మైకు హారన్ నా కుడివైపు కట్టేవాళ్ళు. అది తినేసింది నా చెవిని. అసలేం వినపడదు."

"మరి ఇన్నాళ్ళు ఎట్లా చేశావన్నా?"

హెడ్‌ఫోన్స్ తీసి చూపించాడు. ఎడమవైపు ఒకసారి వింటాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకొని, కుడివైపు రావలసినది కూడా ఎడమ చెవితోనే వింటాడు. రెండూ కలిపితే ఎలా ఉంటుందో మనసులో ఊహించుకుంటాడు. "లెక్కలు చేసినట్టేలే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పమాక అబ్బాయ్. మీ వదినకీ, నాకూ, ఇప్పుడు నీకూ తెలుసు. బయటికి పోయిందంటే పాటలు చేసేవాడికి చెవుడంట అని నవ్వుతారు. ఇంక ఈ మెట్లెక్కే వాడుండడు."

చెప్పనన్నాను. ఆయన పక్క గదిలో నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి తన కుడివైపు వేశాడు. "నువ్విక్కడ కూర్చో. కుడివైపు సంగతి నువ్వు చెప్పు" అన్నాడు.

నా బతుకులో నాకు దక్కిన గౌరవం ఏదైనా ఉందంటే ఆ కుర్చీయే. మొదట్లో నేను చెప్పాక కూడా హెడ్‌ఫోన్స్ తిరగేసి ఒకసారి సరిచూసుకునేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేశాడు. "గిటారు ఎక్కువైందన్నా" అంటే తగ్గించేవాడు. "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం. నేను లేని రోజు మా పాటలు ముట్టుకునేవాడు కాదు. మిగతా ముగ్గురికీ ఆ కుర్చీ ఎందుకో తెలియదు. నన్ను అసిస్టెంటు గారూ అని వెక్కిరించేవాళ్ళు.

మా నాన్న పాట హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళ చెవిన పడింది. ఫైనల్ పాట తీసుకొని ఒకరు వచ్చి కలవమన్నారు. పాట రాసి పాడినవాణ్ణి కాబట్టి నేను వెళ్ళాలనుకున్నాం. ఆ రోజు సాయంత్రం రైలు. మధ్యాహ్నం అన్న పాటను ఆఖరిసారి సరిచేస్తున్నాడు. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఎడమ చెవికి కీబోర్డు, కుడి చెవికి గిటారు వచ్చేలా పెట్టాడు. నేను నా కుర్చీలో కూర్చొని విన్నాను. చివరి చరణంలో గిటారు వెనక సన్నటి గరగర ఉంది. కిరణ్ వైరు ఎక్కడో వదులై ఉంటుంది. చెవి పెట్టి వింటేనే తెలుస్తుంది. కానీ ఉంది.

అది చెబితే గిటారు మళ్ళీ వాయించాలి. కిరణ్ ఆ పూట చీరాలలో ఉన్నాడు. రైలు తప్పిపోతుంది. ఇంకో రోజు వెళ్ళవచ్చు. ఆ కంపెనీ ఎక్కడికీ పారిపోదు. ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు రైలొక్కటే కనిపించింది.

"కుడివైపు ఎట్లుందిరా?"

"బాగుందన్నా."

"చివర్లో?"

"బాగుంది."

ఆయన ఎందుకో ఆ రోజు హెడ్‌ఫోన్స్ తీసి తిరగేయబోయాడు. చాలా రోజుల తర్వాత. "నేను విన్నాను కదన్నా" అన్నాను, కొంచెం విసుగ్గా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అదీ నిజమేలే. నువ్వున్నావుగా" అన్నాడు.

హైదరాబాద్‌లో ఆ కంపెనీ పెద్దమనిషి కళ్ళు మూసుకొని పాటంతా విన్నాడు. తుది చరణంలో కళ్ళు తెరిచాడు.

"ఎవరయ్యా దీన్ని మిక్స్ చేసింది?"

"గుంటూరులో ఒకాయనండి."

"ఈ గరగర వినపడలేదా ఆయనకి?"

నేను విన్నానండి, రైలుకు టైమవుతోందని చెప్పలేదు అనవచ్చు. వైరు వదులైందండి, మళ్ళీ చేసి తెస్తాం అనవచ్చు. ఏమీ అనకుండా నేల చూసినా సరిపోయేది. నేను అన్నది ఇది: "ఆయనకు కుడి చెవి వినపడదండి."

ఆ పెద్దమనిషి పడీ పడీ నవ్వాడు. పక్క గదిలో వాళ్ళని పిలిచాడు. "రండయ్యా, ఒంటి చెవి మిక్సింగంట, వినండి." వాళ్ళతో పాటు నేను కూడా నవ్వాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మాట జారిందని సర్దిచెప్పుకోవచ్చు. నవ్వు జారదు.

పాటను తమ స్టూడియోలో మళ్ళీ రికార్డు చేస్తామన్నారు. చేశారు. ఖాజా తుమ్ము తీసేశారు. పాట ఎవరూ పెద్దగా వినలేదు. తిరిగొచ్చిన రోజు అన్న మెట్ల మీద ఎదురొచ్చి, భుజం పట్టుకొని ఎడమవైపుకు లాక్కొని అడిగాడు. "మన మిక్సింగ్ విన్నారా? ఏమన్నారు?"

"ఏం అనలేదన్నా. పెద్ద స్టూడియోలో చేద్దామన్నారు."

"మంచిదేగా. పెద్ద మిషన్లుంటాయి" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

ఆ పెద్దమనిషికి గుంటూరులో భక్తి పాటల వాళ్ళతో స్నేహాలున్నాయి. గరగర, ఒంటి చెవి కథ ఊరు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ముందు అయ్యప్ప వాళ్ళు వేరే చోటికి వెళ్ళారు. తర్వాత చర్చి వాళ్ళు. ఎన్నికల పాటకు వచ్చిన ఒకడు అందరి ముందూ, "ఇంతకీ పనిచేసే చెవి ఏదన్నా, అటు కూర్చుంటాం" అన్నాడట. ఆ మాట ఖాజా నాకు చెప్పి, "ఏ నా కొడుకు బయటపెట్టాడో గానీ దొరికితే వాణ్ణి తంతా. మనకే తెలీదు కదరా ఆయన చెవి సంగతి!" అన్నాడు. నేను తల ఊపాను. అప్పటికి మా బ్యాండ్ కూడా తలో దిక్కు అయింది. కిరణ్ బెంగళూరు వెళ్ళాడు. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాను. అన్న స్టూడియో ఖాళీ చేసి, వదిన పుట్టిన ఊరు పొదిలి వెళ్ళి, పెళ్ళిళ్ళకు మైకులు పెట్టుకున్నాడు. నేను వెళ్ళలేదు. ఫోన్ కూడా చేయలేదు.

కొన్నేళ్ళకు మా ఆఫీసులో ఒకరి పెళ్ళికి పొదిలి వెళితే, పందిట్లో ఒక మూల మిక్సర్ ముందు బనీను మీద చొక్కా గుండీలు విప్పుకొని అన్న కూర్చొని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి రెండు చేతులూ చాపాడు. "ఒరేయ్ అబ్బాయ్! పాడుతున్నావా?"

"లేదన్నా, మానేశా."

"ఎందుకు మానేశావ్? బుద్ధిలేదు నీకు. కూర్చో."

ఆయనకు రెండు పక్కలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను కుడివైపు కూర్చున్నాను. ఆయన ఎడమవైపు చూపించబోయాడు, ఈలోగా మేళం అందుకుంది. ఆ మోతలో, ఆయన వినలేని వైపు నుంచి, నేను అంతా చెప్పాను. గరగర విన్న సంగతి, రైలు, హైదరాబాద్, నవ్వు, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఆయన నా వైపు తిరిగి నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. చెప్పడం అయిపోయాక నా మోకాలి మీద చెయ్యి వేసి, "అన్నం తిన్నావా?" అన్నాడు.

తిరుగు బస్సులో నాకు హాయిగా నిద్రపట్టింది. చెప్పేశాననుకున్నాను. వినపడిందో లేదో అది ఆయన చెవి సంగతి, నా పని అయిపోయింది అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించగలిగిన మనిషిని నేను. ఇన్నేళ్ళూ ఆ ఏడుపు తలచుకొని నన్ను నేను క్షమించుకున్నాను.

ఖాజా కారులో మేం పొదిలి చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఖాజా బయట ఎవరితోనో ఆగాడు. వదిన నన్ను లోపలికి పిలిచి, తాగడానికి నీళ్ళిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అబ్బాయ్, నిన్నొకటి అడగాల. ఆ పెళ్ళికాడ మీ అన్నకి ఏందో చెప్పావంట. కళ్ళ నీళ్ళు పెట్టుకొని చెప్పావంట. మేళం మోతలో ముక్క వినపళ్ళేదంట ఆయనకి."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మళ్ళా చెప్పరా అని అడుగుదామనుకున్నాడంట. అంత బాధలో ఉన్నోడి చేత రెండోసారి చెప్పించడమేందని ఊరుకున్నాడంట. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలా. వాడికేదో కష్టం వచ్చింది, నాకు చెప్పుకుంటే నా చెవిన పళ్ళేదు, అని అదే మాట. ఫోన్ చెయ్యవయ్యా అంటే, ఏమని చెయ్యను, నువ్వు చెప్పింది నాకు వినపళ్ళేదని వాడికెట్లా చెప్పేది, బాధపడతాడు అనేవాడు. మొన్న మంచాన పడ్డాక కూడా అన్నాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏంది నాయనా అది? ఉద్యోగమేమన్నా పోయిందా? పిల్లకేమన్నా బాగాలేదా? ఇప్పుడన్నా చెప్పు, మేమేమన్నా చెయ్యగలమేమో."

ఏదో ఒక కష్టం కల్పించి చెప్పడానికి నోరు తెరిచాను. నిజం. ఆ క్షణంలో కూడా నాకు అదే తోచింది. తర్వాత ఎందుకో చేతకాలేదు. మొదటి నుంచీ చెప్పాను. ఈసారి మేళం లేదు. చెబుతూ ఏడవలేదు కూడా.

వదిన నేను కింద పెట్టిన గ్లాసు తన ముందుకు జరుపుకుంది.

"ఊళ్ళో మాట పుట్టినాక, పాట విని నా చెవి సంగతి ఆ హైదరాబాదోళ్ళే పట్టేశారనుకొని, ఆ గరగర ఏడ నుంచొచ్చిందో అని మిషనంతా ఊడబీకి చూసుకున్నాడయ్యా" అంది. "వైరు వైరూ చూశాడు. ఆ అబ్బాయి విని బాగుందన్నాడంటే బాగున్నట్టే, మిషన్లోనే ఉంది తేడా అని, దాన్ని వచ్చిన కాడికి ఇచ్చేశాడు. ఇంక దాని మీద నమ్మకం లేదన్నాడు." గ్లాసు తీసుకొని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది, నా వైపు తిరగలేదు. "నేను అడక్కుండా ఉండాల్సింది అబ్బాయ్. ఆయన నిన్ను మంచోడనుకొనే పోయాడు. నేనూ అట్లాగే పోయేదాన్ని."

తిరిగి వస్తుంటే దారిలో ఖాజాకు చెప్పాను. వాడు కారు పక్కకు తీసి ఆపాడు. తంతాడనుకున్నాను. తన్నినా బాగుండేది. దిగి, పత్తి చేను గట్టు మీద నిలబడి, నాకు వీపు చూపిస్తూ చాలాసేపు ఉన్నాడు. వచ్చి కూర్చున్నాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినకి చెప్పావు, నాకు చెప్పావు. మేమిద్దరం నవ్వామా ఆయన్ని చూసి? నవ్వినోళ్ళకి చెప్పు" అన్నాడు. మళ్ళీ కారు తీశాడు. తాడేపల్లిలో దింపేటప్పుడు వస్తానని కూడా అనలేదు.

అందుకని రాస్తున్నాను. బ్రాడీపేటలో ఒంటి చెవి మిక్సింగ్ అని ఎవరైనా ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతుంటే వాళ్ళకు. పాటలు వెనక్కి తీసుకొని వేరే స్టూడియోకు వెళ్ళినవాళ్ళకు. ఆయన పని తప్పలేదు. కుడివైపు వినడానికి ఆయన ఒక మనిషిని పెట్టుకున్నాడు. చివరి చరణంలో గరగర ఉందని ఆ మనిషికి తెలుసు. ఆయన అడిగాడు. రెండుసార్లు అడిగాడు. నేను బాగుందన్నాను.